ఆదివారం మామ

ప్రొద్దుటూరు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా ఉన్న రోజుల్లో నా కాపురం మూడు నిమిషాల చొప్పున సాగింది.

ట్రంకు కాల్ అంటే మూడు నిమిషాలు. కువైట్‌లో మొగుడున్న ఇల్లాలికైనా, గుంటూరులో పత్తి ధర అడిగే షావుకారుకైనా అదే కొలత. టైము కాగానే మధ్యలో దూరి, అయిపోయింది, పొడిగించమంటారా అని అడగడం మా పని. ఏడ్చేవాళ్ల మధ్యలో కూడా దూరాలి. మొదట్లో నాకు నోరు వచ్చేది కాదు, తర్వాత అలవాటైంది. అలవాటు కానిది నా కాల్ ఒక్కటే. సాయంత్రం పూట పులివెందుల లైను మోగేది. అక్కడి ఆపరేటరు పిల్ల "అక్కా, మీ మామ" అని ఒక్క మాట చెప్పి తప్పుకునేది. మా సూపర్‌వైజరు ఆ కాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు. ఆయన పెళ్లాం పిల్లలూ వేరే ఊర్లోనే ఉండేవాళ్లు.

మా ఆయన నాకు మేనమామ. మా అమ్మకు కడగొట్టు తమ్ముడు. అందుకని పెళ్లయినా పిలుపులు మారలేదు, నాకు ఆయన మామ, ఆయనకు నేను "మే". అత్తగారూ కొత్త మనిషి కాదు, మా అవ్వే. జమ్మలమడుగులో రెండిళ్లకూ మధ్య నాలుగు గోడలు అడ్డం, అంతే. నాకు ఉద్యోగం వచ్చాక ప్రొద్దుటూరులో మిద్దె అద్దెకు తీసుకుని, అవ్వతో, కూతురితో నేను అక్కడ ఉండేదాన్ని. మామ కరెంటాఫీసులో లైన్‌మన్. ఆయన నొసట పులివెందుల అవతల ఒక పల్లె రాసిపెట్టి ఉంది. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం మొదటి బస్సుకు పోయేవాడు. మిగిలిన రోజులు ఆ మూడు నిమిషాలే. సబ్‌స్టేషన్‌కు వచ్చినప్పుడు అక్కడి ఫోన్లో మాట్లాడేవాడు. ఏం మాట్లాడేవాళ్లమంటే చెప్పుకోదగిందేమీ లేదు. తిన్నావా, తిన్నా, పాప యాడుండాది, అవ్వ దగ్గర. అయినా హెడ్‌సెట్టు తీసి పక్కన పెట్టేసరికి నా మొహం వెలిగిపోయేదని తోటి ఆపరేటర్లు ఎగతాళి చేసేవాళ్లు. ఆ తర్వాత వచ్చిన కాల్స్ అన్నీ నేను అడక్కుండానే పొడిగించేదాన్నని కూడా అనేవాళ్లు. అది అబద్ధం కాదు.

మామ పనిచేసే పల్లె గురించి చెప్పాలి. మా వైపు వీధిని గేరి అంటారు. ఆ ఊర్లో పైగేరి, కిందగేరి అని రెండున్నాయి. రెండూ రెండు పార్టీలు. ఎలక్షన్‌కొకసారి జెండాల రంగు మారేది గానీ పగ మారేది కాదు. రెండు వీధుల నడుమ, బడి గోడ పక్కన, ఊరికంతా ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. అలాంటి ఊర్లో ఒక వీధిలో దీపాలు వెలుగుతూ ఇంకో వీధిలో పోయాయంటే, ఎవరూ ఫ్యూజు కొట్టేసిందనుకోరు. ఎవరో కావాలనే తీశారని, చీకట్లో వస్తున్నారని అనుకుంటారు. ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాగి గడియలు పెట్టుకుంటారు, మగవాళ్లు మిద్దెలెక్కుతారు. మామకు ముందున్న లైన్‌మన్ ఒక వీధికి వైరు సరిచేస్తుంటే రెండో వీధివాళ్లు వచ్చి కొట్టారట. ఆయన నిచ్చెన కూడా అక్కడే వదిలేసి పోయాడట.

మామ దానికొక పద్ధతి పెట్టాడు. తెగిన వైరు ఏ వీధిదైనా రెండు వీధులకూ కరెంటు తీసేవాడు. పని అయ్యాక పైగేరి నుంచి ఒకరిని, కిందగేరి నుంచి ఒకరిని పిలిపించేవాడు. వాళ్లొచ్చి స్తంభానికి చెరో పక్క నిలబడితే తప్ప స్విచ్చి పిడి మీద చెయ్యి వేసేవాడు కాదు. కరెంటు ఇచ్చి, రెండు పక్కలా దీపాలు వెలిగాక, "సూసుకున్యారా?" అని అడిగేవాడు. "సూసుకున్యాం" అని ఇద్దరూ చెప్పాలి. అప్పుడే నిచ్చెన భుజాన వేసుకునేవాడు. పైగేరి తరఫున గొర్రెలు మేపే ఒక ముసలాయన వచ్చేవాడు. కిందగేరి తరఫున కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేసే ఒక సాయిబు వచ్చేవాడు. ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు ఆ ఒక్క మాటా కలిసి అనేవాళ్లు. మామ ఆ సంగతి చెప్పినప్పుడల్లా మీసం మీద చెయ్యి పోయేది.

ఇంకొక కట్టుబాటు తిండి గురించి. మా వైపు ఎవరి పంక్తిలో కూర్చుని తింటే వాళ్ల మనిషి కింద జమ. అందుకని మామ ఆ ఊర్లో ఎవరింట్లోనూ తినడు, ఆ వీధులను వెనకుండి నడిపే పార్టీ పెద్దల ఇళ్లల్లో అసలే తినడు. గదిలో తానే వండుకునేవాడు. చీనీకాయలు, అంటే బత్తాయిలు, మాత్రం పుచ్చుకునేవాడు, అదీ రెండు వీధులవాళ్లూ ఇస్తేనే. ఒక వీధివాళ్లు ఇచ్చి ఇంకో వీధివాళ్లు మరిచిపోతే, పోయి అడిగి మరీ తెచ్చుకునేవాడు. అడుక్కునేవాడికి కూడా ఇంత నియమం ఉండదని అవ్వ నవ్వేది.

ఇక ఆదివారం. ఆదివారం మామ వేరే మనిషి. పొద్దున లేస్తూనే కథలు మొదలు. ఎవరి బోరు మోటారు కాలింది, ఎక్కడ కొంగ తీగల మీద వాలి ఊరంతటికీ కరెంటు పోయింది, గొర్రెల ముసలాయన స్తంభం పక్కన నిలబడి ఎలా కునుకు తీశాడు, సాయిబు రాగితీగ చుట్లు లెక్కపెడుతుంటే తాను మధ్యలో పలకరించి ఎలా చెడగొట్టాడు. కూతురిని స్తంభంలా నిలబెట్టి దాని భుజాల మీద తువ్వాలు వేసి అవే వైర్లనేవాడు. చీనీకాయ వొలిచి నాకు సగం, అవ్వకు సగం పెట్టేవాడు. ఆ తొక్కల వాసన ఆయన వేళ్లకు సోమవారం దాకా ఉండేది. అవ్వ జొన్న సంగటి కెలుకుతూ, వీని నోరు మూయించే ఫ్యూజు ఏదన్నా ఉంటే బాగుండు అనేది. ఆ మనిషి ఇల్లంతా నిండిపోయేవాడు. సోమవారం నేను డ్యూటీకి పోతూ చూస్తే మంచం మీద తువ్వాలు ఒక్కటే ఉండేది, నాకు దుఃఖం వచ్చేది. ఇలాంటి ఆదివారాలు వారానికి ఏడు కావాలని ఎవరికి ఉండదు? నాకు ఉండింది. గట్టిగా ఉండింది.

ఒక ఏడాది వానలు పోయాక జమ్మలమడుగు పక్క ఎవరినో చంపారు. బస్సులు నిలిచిపోయాయి. ప్రొద్దుటూరులో అంగళ్ల షట్టర్లన్నీ దిగాయి. సరిగ్గా ఆ రోజే మా పాపకు కాలిపోయే జ్వరం. అలాంటి రోజుల్లో ఎక్స్‌ఛేంజికి రాకుంటే కుదరదు, ఊరంతా ఫోన్ల మీదే ఉంటుంది. బిడ్డను అవ్వకు వదిలి వచ్చి బోర్డు ముందు కూర్చున్నాను. అందరినీ కలిపాను. పోలీసులను పోలీసులతో కలిపాను, పత్రికలవాళ్లను పత్రికలవాళ్లతో కలిపాను. కొడుకు బతికున్నాడో లేదో అడిగే తల్లులను కలిపాను. నేను కలపలేనిది మా మామ ఒక్కణ్ణే. సబ్‌స్టేషన్ ఫోను చచ్చిపోయి ఉంది. పులివెందుల పిల్ల ప్రతిసారీ "ల్యా అక్కా, పలకల్యా" అనేది. పొరుగింటివాళ్లు అవ్వను, పాపను డాక్టరు దగ్గరికి తీసుకుపోయారని మధ్యాహ్నం కబురు వచ్చింది. కబురు విని కూడా నేను లేవలేదు. లేస్తే ఇంకెవరో తల్లి కాల్ ఆగిపోతుంది.

రోజులు గడిచి, జ్వరం దిగి, పాప మంచం మీద కూర్చుని రొట్టె పాలలో ముంచుకుని తింటుంటే మామ వచ్చాడు. బస్సులు లేక ఎర్రగుంట్ల దాకా బండల లారీలో వచ్చాడట, ఒళ్లంతా దుమ్ము. పాపను ఎత్తుకున్నాడు, నుదురు చూశాడు, కళ్లు తుడుచుకున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత కాళ్లు కడుక్కుంటూ, తన ధోరణిలో, ఎంతో సంతోషంగా చెప్పాడు.

"ఇంత గొడవలో కూడా మే, రెండు గేర్లకూ ఒగ పూటన్నా కరెంటు పోనీల్యా నేను."

నాకు ఒళ్లు మండింది. మూడు నిమిషాలు కాదు కదా, మూడు క్షణాలు కూడా ఆగలేదు.

"నువ్వు ఆ ఊరికి లైన్‌మన్‌వా, నా కొంపకు మొగుడివా? ఏదో ఒగటి తేల్చు మామా."

ఆయన చెంబు కింద పెట్టాడు. అవ్వ నన్ను ఏమీ అనకుండా కొడుకును తిట్టింది. ఆ మాట అన్నందుకు నేను ఈ రోజుకూ నొచ్చుకోను. కట్టుకున్నవాణ్ణి ఇంట్లో ఉండమని అడగడం తప్పయితే, ఇక పెళ్లాం అడగదగింది ఏముంటుంది?

ఆ రోజుల్లో బదిలీ అంటే అర్జీ పెట్టుకుంటే వచ్చేది కాదు. అప్పుడు అధికారంలో ఉన్న పార్టీకి మా వైపు ఒక పెద్దాయన ఉండేవాడు. జమ్మలమడుగుకు కాస్త దూరంలో ఇల్లు. టీచరుకైనా, కాంపౌండరుకైనా, బిళ్ల బంట్రోతుకైనా ఆయన ఒక మాట చెబితేనే కుర్చీ కదిలేది. మామ పనిచేసే ఊర్లోని పైగేరివాళ్లు ఆయన మనుషులు. ఒక ఆదివారం పొద్దున మామ ఉతికిన చొక్కా వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఆయన దగ్గరికి పోయాడు. మధ్యాహ్నం దాటాక వచ్చాడు. అవ్వ సంగటి, చెనిక్కాయల పచ్చడి పెట్టబోతే ఆకలి లేదన్నాడు. పని అవుతుందని పెద్దాయన అన్నాడని మాత్రం నాతో చెప్పాడు. నేను ఆనందంలో తినమని మళ్లీ అడగను కూడా లేదు. ఆ రోజు ఇంట్లో కథలు లేవని అవ్వ గమనించింది గానీ నేను గమనించలేదు.

ఆర్డరు వచ్చింది. ప్రొద్దుటూరు కరెంటాఫీసు స్టోర్‌లో పని. మామ ట్రంకుపెట్టె, పరుపుచుట్టతో దిగాడు. ఎప్పుడూ తెచ్చే సంచి ఈసారి ఖాళీగా మడిచి ఉంది. చీనీ కాపు అయిపోయిందేమో అనుకున్నాను. పాప ఆ పెట్టె మీదెక్కి గంతులేసింది. ఆ రాత్రి నలుగురం ఒకే వరసలో కూర్చుని తిన్నాం. ఇంతకంటే ఏం కావాలని దేవుడికి దండం పెట్టుకున్నాను, నిజంగానే పెట్టుకున్నాను.

కొన్నాళ్లు పండగే. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మామ కూరగాయలు తెచ్చి ఉంచేవాడు, పాపకు లెక్కలు చెప్పేవాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు అసూయపడేవాళ్లు. తర్వాత మెల్లగా తెలిసింది, మామ వచ్చాడు గానీ ఆదివారం మామ రాలేదని. స్టోర్‌లో ఈరోజు ఏం జరిగిందని అడిగితే, ఏముంటాది, ఇన్సులేటర్లు లెక్కపెట్టి ఇచ్చినా అనేవాడు. మరుసటి రోజూ అదే. నిచ్చెన ఎక్కని కాళ్లు చాపుకుని గోడ చూస్తూ కూర్చునేవాడు. ఊర్లో కరెంటు పోతే మాత్రం మిద్దెక్కి ఏ పక్క పోయింది, ఏ పక్క ఉంది అని చూసి వచ్చేవాడు. ఎదురుగా కూర్చున్న మనిషితో సాయంత్రమంతా ఏం మాట్లాడాలో తెలియక నేను పప్పులో రాళ్లు ఏరేదాన్ని. వైరు మీద మూడు నిమిషాలు చాలేవి కావు, ఇంట్లో మూడు గంటలు ఎక్కువయ్యాయి. నాకు భయం వేసింది. నా మీద ఇష్టం పోయిందేమో అని కూడా అనుకున్నాను. ఒకసారి అడిగేశాను కూడా. "పిచ్చిదానా" అని తల నిమిరాడు. ఆ చెయ్యి నిజమే చెప్పింది. కానీ ఆ చేతికి చీనీ తొక్కల వాసన లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం పాత మామ కొంచెం కనపడేవాడు. మా ఇంట్లో ఫ్యూజు పోయినప్పుడు. పింగాణీ పెట్టెలో సన్నని తీగ చుట్టే ఫ్యూజు అది. తీగ మార్చేవాడు, అయినా పెట్టేవాడు కాదు. నన్నూ అవ్వనూ పిలిచి చెరో పక్క నిలబెట్టి, అప్పుడు పెట్టేవాడు. లైటు వెలిగాక "సూసుకున్యారా?" అనేవాడు. ఒక్క ఫ్యూజుకు ఈ సంత ఏందిరా అని అవ్వ విసుక్కునేది. నేను నవ్వుతూ సూసుకున్యాం సూసుకున్యాం అనేదాన్ని. ఆటగా ఉందనుకున్నాను. అవ్వ పోయాక ఆ పక్కకు పాప వచ్చింది. పాప పెళ్లయి కడపకు పోయాక ఆ పక్క ఖాళీ. అయినా మామ "సూసుకున్యారా?" అనే అడిగేవాడు. ఇంకెవరుండారు మామా ఈడ అంటే పోయి మళ్లీ గోడ ముందు కూర్చునేవాడు.

ఈ మధ్యలో నా బోర్డు కూడా పోయింది. ఎవరి నంబరు వాళ్లే తిప్పుకునే రోజులు వచ్చాయి. మమ్మల్ని బిల్లులు కట్టించుకునే కౌంటర్లలో కూర్చోబెట్టారు. జీతం తగ్గలేదు, ఇంకా పెరిగింది. పని తేలిక. సాయంత్రానికి ఇంటికి చేరేదాన్ని, నడుం నొప్పి లేదు, చెవి పోటు లేదు. అందరూ అదృష్టమన్నారు. కానీ ఇంటికి వచ్చి మామకు చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేకుండా పోయింది. ఏముంటాది, బిల్లులు కట్టించుకున్నా. అది నా నోటి నుంచే వచ్చిన రోజు నాకు మామ అర్థమయ్యాడు. మనిషి పని నుంచి ఇంటికి జీతం ఒక్కటే తేడు. ఆదివారం చెప్పుకోవడానికి ఇంత సంగతి కూడా తెస్తాడు. అది లేనప్పుడు పక్కపక్కనే కూర్చున్నా దూరమే. అయితే మామ అంత ఇష్టమైన పనిని తలుచుకోవడానికి కూడా ఎందుకు భయపడుతున్నాడో నాకు అప్పటికీ తెలియదు. ఆ ఊరి మాట ఎత్తితే లేచి పోయేవాడు.

అది తెలిసింది మామ రిటైరయిన తర్వాత. ఒక ఆదివారం మామ మాంసం తేవడానికి పోయి ఉన్నాడు. గడ్డం తెల్లబడిన ఒక మనిషి వాకిట్లో నిలబడి లైన్‌మన్ ఇల్లు ఇదేనా అని అడిగాడు. లైన్‌మన్ అనే మాట విని ఎన్నో ఏళ్లయింది. చేతిలో గోనెసంచి ఉంది, సంచిలోంచి చీనీకాయల వాసన వస్తోంది. పేరు చెప్పకముందే నాకు తెలిసిపోయింది, వైండింగ్ సాయిబు. మనవరాలి పెళ్లికి బంగారం కొనడానికి ప్రొద్దుటూరు వచ్చి, కరెంటాఫీసులో ఇల్లు కనుక్కుని వచ్చాడు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. ఆయన గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా, మామ వచ్చేలోపల చెప్పాలన్నట్టు గబగబా చెప్పాడు.

ఆ పెద్దాయన ఇంట్లో ఒక ఆచారం. ఎవరు ఏ పని మీద వచ్చినా ముందు భోజనం, తర్వాతే మాట. మామ తిన్నానని చెప్పి చూశాడట, బయట నిలబడి చూశాడట. తినకపోతే పెద్దాయన ముందుకు పంపరు. చివరికి పంక్తిలో కూర్చున్నాడు. ఎదురు వరసలో ఎవరున్నారో విస్తరి వేశాక గాని చూడలేదు. పైగేరి గొర్రెల ముసలాయన. ఆ ముసలాయనలో చెడు బుద్ధేమీ లేదు. సంబరంగా ఊరికి పోయి, మన లైన్‌మన్ మన పెద్దాయన ఇంట్లో తిన్యాడని అందరికీ చెప్పుకున్నాడు. పైగేరి మురిసిపోయింది. కిందగేరి నోరు మూసుకుంది. ఆ వారంలోనే గాలివానకు వైర్లు తెగాయి. మామ రెండు వీధులకూ కరెంటు తీసి, పని ముగించి, ఎప్పటిలాగే మనుషులను పిలిచాడు. పైగేరి నుంచి ఒకరికి పదిమంది వచ్చారు. కిందగేరి నుంచి ఎవరూ రాలేదు. పొద్దుగుంకేదాకా చూసి, మామ తానే సాయిబు వాకిట్లోకి పోయాడు.

"అప్పుడు నేనన్న మాట ఇన్నేండ్లూ నా గొంతులోనే ఉండాదమ్మా" అన్నాడు సాయిబు. "నీ మింద నాకు నమ్మకముండాది, మా గేరికి ల్యా. నువ్వు తిన్యావు, మాకు అరగల్యా అంటి. మీ ఆయప్ప ఒగ మాటన్నా అనల్యా. ఎనిక్కి తిరిగి పాయ."

మామ పోయి కరెంటు ఇచ్చాడు. అలవాటు చొప్పున "సూసుకున్యారా?" అని అడిగాడు. ఒక పక్క నుంచే బదులు వచ్చింది. తెల్లారి కిందగేరివాళ్లు తమ వైర్లు చూపించుకోవడానికి పులివెందుల నుంచి వేరే మనిషిని పిలిపించుకున్నారు. ఆర్డరు వచ్చి పోయేరోజున పైగేరివాళ్లు పూలదండ వేసి బస్సెక్కించారట. ఆ దండ చూసి కిందగేరికి ఉన్న చిన్న అనుమానం కూడా తీరిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఆ విస్తరిలో ఆయన తిన్నది నా కోసం. ఆ సంగతి ఒక్కసారి నాతో అని ఉంటే నా మీద అరిచి ఉండేవాడేమో, నేనూ అరిచి ఉండేదాన్ని, తెల్లారేసరికి అయిపోయేది. ఇన్నేళ్లూ నన్ను ఒక్క మాట అనలేక, తనను తానే అనుకుంటూ గోడ చూస్తూ కూర్చున్నాడు.

మామ వచ్చాడు. సాయిబును చూసి గడపలోనే ఆగిపోయాడు. "రా భాయ్" అన్నాడు, లోపల కూర్చున్నవాణ్ణే. ఇద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు. బంగారం ధర మాట్లాడారు, వానలు మాట్లాడారు. గొర్రెల ముసలాయన పోయాడని సాయిబు చెప్పాడు. రెండు వీధుల వెనకున్న పెద్దలూ ఇప్పుడు ఒకే పార్టీలో ఉన్నారని, ఒకే వేదిక మీద దండలేసుకున్నారని చెప్పాడు. మామ చిన్నగా నవ్వి, "అట్లయితే ఇప్పుడు యాడ తిన్యా ఏం కాదన్నమాట" అన్నాడు. సాయిబు తల వంచుకున్నాడు. ఊరికి ఇప్పుడు రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, గేరికొకటి, పిలిచి నిలబెట్టే పని లేదని కూడా చెప్పాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. నేను వంటింట్లో టీ పెడుతూ ఆ నిశ్శబ్దం వింటున్నాను. మా ఇంట్లో ఏళ్ల తరబడి ఉన్నది అదే నిశ్శబ్దం. ఇంకాసేపు ఆగితే సాయిబు బస్సు టైమయిందని లేస్తాడు.

ఫ్యూజు పెట్టె వంటింటి గడప పక్కనే ఉంది. ఎన్నో ఏళ్లు బోర్డులో తీగలు దోపి, పెరికిన చేతులు నావి. పింగాణీ ముక్క పట్టుకుని సగం లాగాను. ముందుగదిలో ఫ్యాను నిలిచిపోయింది.

మామ లేచి వచ్చాడు. పొరుగింట్లో టీవీ మోగుతూనే ఉంది. ఫ్యూజు పూర్తిగా ఊడదీసి చూశాడు. తీగ తెగలేదు. నా వైపు చూశాడు. నేను పొయ్యి మీది పాల వైపు చూశాను.

"మే, ఇట్ల రా" అన్నాడు.

పొయ్యి ఆర్పి పోయి ఒక పక్క నిలబడ్డాను. మామ ఫ్యూజు చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాడు, పెట్టలేదు. ఇంకెవరినీ పిలవలేదు. ముందుగదిలో కుర్చీ కిర్రుమంది. సాయిబు చెప్పులు విడిచి మెల్లగా నడుచుకుంటూ వచ్చి రెండో పక్క నిలబడ్డాడు. మామ ఫ్యూజు పెట్టాడు. ఫ్యాను తిరిగింది.

"సూసుకున్యారా?" అని అడిగాడు.

"సూసుకున్యాం" అన్నాం, నేనూ సాయిబూ కలిసి.

ఆ రోజు సాయిబును పోనివ్వలేదు. మామే విస్తర్లు వేశాడు, ఇద్దరూ ఒకే వరసలో కూర్చుని తిన్నారు. తింటూ మొదలుపెట్టాడు మామ. కాలిన మోటార్లు, కొంగలు, స్తంభం పక్క కునుకుతీసిన ముసలాయన. సాయిబు మధ్యలో సరిదిద్దడం, మామ ఒప్పుకోకపోవడం. అన్నీ నాకు తెలిసిన కథలే. వడ్డిస్తూ మళ్లీ వడ్డిస్తూ నిలబడి విన్నాను. చీనీకాయ వొలిచి నాకు సగం పెట్టాడు. నేను ఇన్నేళ్లూ ఎవరి కోసం ఎదురుచూశానో ఆ మనిషి సాయంత్రం బస్సు దాకా మా ఇంట్లో ఉన్నాడు.

సాయిబు మళ్లీ రాలేదు. వయసు మీదపడింది, బస్సు ఎక్కలేనని కబురు మాత్రం వచ్చింది. మామ మళ్లీ మాటలు తగ్గించాడు గానీ మునుపటంత కాదు. మా కూతురు వచ్చినప్పుడల్లా ఈ పాత ఫ్యూజులు తీసేసి, దానంతటదే పడిపోయి, వేలితో లేపితే లేచే కొత్త స్విచ్చిలు పెట్టిద్దామంటుంది. నేను ఒప్పుకోను. ఇంట్లో మరీ మాటలు లేకుండా పోయిన సాయంత్రాల్లో నేను పోయి ఆ పింగాణీ ముక్కను సగం లాగుతాను. మామ లేచి వస్తాడు. తీగ తెగలేదని ఆయనకు తెలుసు. అయినా నన్ను పిలుస్తాడు, నేను పోయి నిలబడతాను.